గుండె ఆపరేషన్ అయిన పిల్లల్ని అడగాల్సిన రెండో ప్రశ్న

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి "టీచరమ్మా, పిల్లల చదువు గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. చదువు గురించే మాట్లాడతాను గానీ, ముందు ఆసుపత్రికి వెళ్ళి అక్కణ్ణుంచి బడికి వస్తాను. కాస్త ఓపిక పట్టాలి. నేను డాక్టర్ని కాను. బీఈడీ చదివి పాతికేళ్ళు దాటి బళ్ళో పిల్లల మధ్య బతుకుతున్న మనిషిని. వైద్యం సంగతులు డాక్టర్లను అడిగీ, చదివీ తెలుసుకున్నవి. పిల్లల సంగతులు కళ్ళారా చూసినవి.

మన నివేదికలో వైద్య సాయం అని ఒక పద్దు ఉంటుంది. అందులో కళ్ళ ఆపరేషన్లు, డయాలసిస్ మందులు, వాటి పక్కన "చిన్నపిల్లల గుండె ఆపరేషన్‌కు సాయం" అని ఒక వరుస. ఆ వరుస చదివినప్పుడు హాల్లో అందరి ముఖాలూ వెలుగుతాయి, నేను గమనించాను. వెలగాలి కూడా. బిడ్డ బతకడం కంటే పెద్ద కబురు ఏముంటుంది? కాని ఆ వరుస అక్కడితో ఆగిపోతుంది. ఆ బిడ్డ వచ్చే ఏడాది నివేదికలో ఉండదు. ఆపరేషన్ అయిందా అనేది మనం అడిగే మొదటి ప్రశ్న. ఆ బిడ్డ కూర్చుంటున్నాడా, నడుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, బళ్ళో కుదురుకున్నాడా అనేది రెండోది. దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. ఇవాళ నా మాటలన్నీ దాని చుట్టూనే.

పుట్టుకతో గుండెలో లోపం ఉండటం అరుదేమీ కాదు. వెయ్యి కాన్పుల్లో ఎనిమిది, తొమ్మిది మంది పిల్లలకు ఉంటుందని లెక్క. మన దేశంలో ఏడాదికి రెండు లక్షల మందికి పైగా ఇట్లా పుడుతున్నారని వైద్యుల అంచనా. అందులో చాలామందికి ఉండేది చిన్న రంధ్రం. కొందరికి అది దానంతటదే పూడుకుపోతుంది. అయిదుగురిలో ఒకరికి మాత్రం మొదటి ఏడాదిలోనే ఏదో ఒక చికిత్స పడాలి.

నా చిన్నప్పుడు ఈ పిల్లల గురించి ఊళ్ళో "పాలు తాగేటప్పుడు చెమటలు పోసేయి, పెదాలు నల్లబడేయి, పోయాడు" అని చెప్పుకునేవాళ్ళు. అంతటితో కథ అయిపోయేది. ఇప్పుడు అట్లా లేదు. 1991లో పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు ఆసుపత్రి పెట్టి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేయడం మొదలుపెట్టింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. 2021 అక్టోబరులో తిరుపతిలో టీటీడీ వాళ్ళు పిల్లల గుండె కోసమే శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచారు. మనకు దగ్గరలో విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌కి ఇంగ్లండ్ నుంచి హీలింగ్ లిటిల్ హార్ట్స్ అనే సంస్థ తరఫున డాక్టర్లు వచ్చి, ఇక్కడి డాక్టర్లతో కలిసి పసిపిల్లలకు ఆపరేషన్లు చేస్తున్నారు. నటుడు మహేశ్‌బాబు ఫౌండేషన్ ఆ పిల్లల ఖర్చుకు సాయపడుతోంది. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ నుంచి వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చిన పిల్లలు ఇప్పుడు మన బళ్ళలో ఉన్నారు. ముప్పై ఏళ్ళ కింద ఈ పిల్లలు బడి దాకా వచ్చేవాళ్ళు కారు. అందుకని వీళ్ళకు ఏం కావాలో బడికీ తెలియదు, ఇంటికీ తెలియదు.

మూడో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. పేరు చెప్పను. చొక్కా పై గుండీ ఊడితే ఛాతీ మధ్యన నిలువునా మచ్చ కనపడేది. ముద్దుగా మాట్లాడేవాడు, కథ చెబితే మళ్ళీ అప్పజెప్పేవాడు. కానీ బోర్డు మీద ఉన్నది పుస్తకంలోకి ఎక్కించడం వాడివల్ల అయ్యేది కాదు. అందరూ ఆరు వరుసలు రాసే లోపు వాడు రెండు రాసేవాడు. పెన్సిల్‌ని పిడికిలితో పట్టేవాడు. లెక్కలో పదుల కింద ఒకట్లు, ఒకట్ల కింద పదులు పడిపోయేవి. రెండు పనులు ఒకేసారి చెబితే మొదటిది మర్చిపోయేవాడు. తోటిపిల్లలు మొద్దు అన్నారు. వాళ్ళ నాన్న సున్నపు బట్టీలో పనిచేసే మనిషి. పిలిచి అడిగితే, "ఎనిమిదో నెల్లో గుండె ఆపరేషన్ అయిందండీ. పూర్తిగా బాగైపోయిందని చెప్పారు. బద్ధకమండీ వీడికి" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. గుండె బాగైంది. డాక్టరు గుండె సంగతి చెప్పాడు. చేతివేళ్ళ సంగతి, జ్ఞాపకం సంగతి, ధ్యాస సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు.

ఇది మన ఊరి ఒక్క పిల్లాడి కథే అనుకోవద్దు. అమెరికాలో బోస్టన్ పిల్లల ఆసుపత్రి వాళ్ళు 1988 నుంచి కొంతమంది పిల్లల వెంటబడి చూస్తూ వచ్చారు. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారై పుట్టి, పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఆపరేషన్ అయినవాళ్ళు. ఎనిమిదేళ్ళ వయసులో పరీక్షించి చూస్తే, తెలివితేటల పరీక్షలో మొత్తం మీద మామూలు పిల్లలకు దగ్గర్లోనే ఉన్నారు. కానీ చూసింది గీయడంలో, ధ్యాస నిలపడంలో, విన్నది కాసేపు మనసులో పెట్టుకుని పనిచేయడంలో వెనకబడ్డారు. మూడోవంతుకు పైగా పిల్లలకు బళ్ళో ప్రత్యేక సాయం అవసరమైంది. పదిమందిలో ఒకరు అదే తరగతి మళ్ళీ చదివారు. అంత సౌకర్యం ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది.

ఎందుకు ఇట్లా అవుతుంది? మెదడుకు ప్రాణవాయువు మోసుకెళ్ళేది రక్తం, ఆ రక్తాన్ని తోసేది గుండె. కొన్ని పెద్ద లోపాలున్న పిల్లల్లో తల్లి కడుపులో ఉండగానే మెదడు ఎదగడం కాస్త వెనకబడుతుంది. పుట్టాక నెలల తరబడి ప్రాణవాయువు తక్కువ. పాలు తాగే ఓపిక లేక బరువు రాదు. ఆపరేషన్ టైములో గుండె పని, ఊపిరితిత్తుల పని యంత్రం చేస్తుంది. ఆ తరవాత ఐసీయూలో రోజులు, ఒక్కోసారి వారాలు, అమ్మ ఒడి లేకుండా. కొందరికి ఫిట్స్ వస్తాయి. కొన్ని మందుల వల్ల వినికిడి తగ్గే అవకాశం కూడా ఉంది. వీటిలో ఏ ఒక్కటీ ఎవరి తప్పూ కాదు. తల్లిది అసలే కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇంట్లో మొదటి వేలు తల్లి వైపే చూపిస్తారు, గ్రహణంలో బయటికొచ్చిందని ఒకరు, వేడి పదార్థం తిన్నదని ఒకరు. ఇక మేనరికం వల్ల, దగ్గరి చుట్టరికంలో పెళ్ళిళ్ళ వల్ల పుట్టుక లోపాలు కొంత ఎక్కువన్నది నిజం. అది పెళ్ళి కుదిర్చే ముందు పెద్దలు ఆలోచించుకోవాల్సింది. బిడ్డను చంకనేసుకున్న తల్లికి వినిపించాల్సింది కాదు.

భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. చిన్న రంధ్రం ఉండి పూడిపోయిన పిల్లల్లో ఎక్కువమంది అందరిలాగే ఆడతారు, చదువుతారు. జాగ్రత్తగా చూడాల్సినవాళ్ళు కొందరున్నారు. ఏడాది నిండకుండా గుండె తెరిచి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, పెదాలు, గోళ్ళు నీలంగా మారిన పిల్లలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నవాళ్ళు (డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం కూడా ఉంటుంది), ఆపరేషన్ తరవాత రెండు వారాలు దాటి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ఒక ప్రకటన చేసింది. ఇలాంటి పిల్లలందర్నీ ఏదన్నా లోపం బయటపడేదాకా ఆగకుండా, బాగున్నట్టు కనిపించినా సరే పరీక్షకు పంపాలని చెప్పింది. ఏడాదికీ రెండేళ్ళకూ మధ్య ఒకసారి, మూడు నుంచి అయిదేళ్ళ మధ్య ఒకసారి, పదకొండు పన్నెండేళ్ళప్పుడు ఒకసారి పూర్తి పరీక్ష చేయాలంది. ఆ వయసులే ఎందుకో టీచరుగా నాకు వెంటనే అర్థమైంది. మొదటిది నడక, మాట వచ్చే వయసు. రెండోది బళ్ళో వేసే వయసు. మూడోది ఆరో తరగతి. అప్పటిదాకా ఒక్క టీచరు చెయ్యి పట్టుకుని నడిపించిన పిల్లాడికి ఒక్కసారిగా ఆరుగురు టీచర్లు, ఆరు పుస్తకాలు, బండెడు హోంవర్కు వచ్చిపడే సమయం.

ఇక్కడ ఒక చిన్న తేడా చెప్పాలి. బరువు పెరగడం వేరు, పనులు రావడం వేరు. అంగన్‌వాడీలో బరువు తూచి కార్డులో చుక్క పెడతారు. అది శరీరం సంగతి. నేను చెప్పే ఎదుగుదల పరీక్ష పనుల సంగతి. అదీ రెండు మెట్లు. మొదటి మెట్టు జల్లెడ లాంటిది. పది పదిహేను నిమిషాలు పడుతుంది. సూది ఉండదు, రక్తం తీయరు, స్కానింగ్ లేదు. బొమ్మ ఇచ్చి చూస్తారు, తల్లిని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తిరువనంతపురంలోని పిల్లల వికాస కేంద్రం వాళ్ళు మన దేశపు పిల్లల కోసం ఒక చార్టు తయారుచేశారు. రెండేళ్ళ లోపు పిల్లలకు పదిహేడు అంశాలే. పలకరిస్తే నవ్వుతున్నాడా, మెడ నిలిపాడా, గంట మోగితే తల తిప్పాడా, బొమ్మను ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చాడా, ఒంటరిగా నడిచాడా, రెండు మాటలన్నా అంటున్నాడా, బొమ్మకు కళ్ళేవి ముక్కేది అంటే చూపిస్తున్నాడా, ఇలాంటివే. బిడ్డ వయసు దగ్గర చార్టు మీద పెన్ను నిలువుగా పెడతారు. పెన్నుకు ఎడమవైపు ఉన్న పనుల్లో ఏది రాకపోయినా రెండో మెట్టుకు పంపాలి. నెల తక్కువ బిడ్డ అయితే రెండేళ్ళ దాకా ఆ నెలలు తీసేసి లెక్కెయ్యాలి. రెండో మెట్టు నిపుణులు చేసే పూర్తి పరీక్ష. దానికి గంటో, ఇంకా ఎక్కువో పట్టవచ్చు. జల్లెడలో ఆగినంత మాత్రాన బిడ్డకు లోపం ఉన్నట్టు కాదు. ఇంకా దగ్గరగా చూడాలని, అంతే.

ప్రభుత్వం వైపు నుంచి కూడా దారి ఉంది, మనం నడవాలి. 2013లో దేశమంతటా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పుట్టుక లోపాలు, జబ్బులు, పోషకాల కొరత, ఎదుగుదల వెనకబడటం, ఈ నాలుగింటి కోసం పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూడాలన్నది దాని ఉద్దేశం. పుట్టుక గుండె లోపం, ఎదుగుదల వెనకబాటు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అనుమానం వచ్చిన పిల్లల్ని పంపడానికి జిల్లా సత్వర చికిత్సా కేంద్రం అనే ఏర్పాటు ఉంది, డైక్ అంటారు. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపీ, మాటల శిక్షణ, వినికిడి పరీక్ష ఒకే చోట ఉండాలన్నది పద్ధతి. మన పీహెచ్‌సీలో ఏఎన్ఎమ్మను అడిగితే ఎక్కడికి పంపాలో చెబుతుంది, కాగితం రాయిస్తుంది. 2018 నుంచి ఆశా కార్యకర్తలు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలప్పుడు ఇంటికొచ్చి బిడ్డ ఎదుగుదల చూడాలన్న నియమం కూడా ఉంది. తల్లీబిడ్డల రక్షణ కార్డు ప్రతి ఇంట్లో ఉంది. టీకాల పేజీ తిరగేస్తాం గానీ, దాంట్లోనే ఏ నెలకు ఏ పని రావాలో బొమ్మలతో వేసిన పేజీలు ఎవరం చూడం. ఇంటికెళ్ళాక ట్రంకు పెట్టెలోంచి తీసి ఆ పేజీలు ఒకసారి చూడండి.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. ఇందులో నేను ఎక్కువ చెప్పాల్సింది ఉంది.

ఆపరేషన్ అయి వచ్చిన బిడ్డను మనం చంక దిగనివ్వం. ఛాతీ ఎముక అతుక్కునేదాకా చంకల్లో చేతులేసి ఎత్తకూడదని, బోర్లా పడుకోబెట్టకూడదని డాక్టర్లు కొన్ని వారాలు చెబుతారు. అది పాటించాల్సిందే. చిక్కేమిటంటే ఆ కొన్ని వారాలు మన ఇళ్ళలో రెండేళ్ళవుతాయి. దాదీ ఎత్తుకుంటే ఫుప్పు, ఫుప్పు దించితే నాని. "కింద వదిలితే ఏమన్నా అయిద్దేమోనమ్మా, చచ్చి బతికిన బిడ్డ" అంటారు. ఆ మాటలో ప్రేమ ఎంతుందో నాకు తెలుసు. కానీ నేల మీద పడకుండా పాకడం ఎట్లా వస్తుంది? అన్నం ముద్ద తానే తీసుకోకుండా వేళ్ళు ఎట్లా తిరుగుతాయి? అడక్కముందే అన్నీ చేతికొస్తే మాట ఎందుకు పుడుతుంది? ఆపరేషన్ తరవాత చెకప్‌కు వెళ్ళినప్పుడు డాక్టర్ని సూటిగా అడగండి, "ఇక కింద వదలొచ్చా? బోర్లా వెయ్యొచ్చా? పరుగెత్తనివ్వచ్చా?" అని. ఆయన సరేనంటే చాప పరిచి వదలండి. ఈ ఒక్క ప్రశ్న అడక్కపోవడం వల్ల పోయిన నెలలు నేను చాలా ఇళ్ళలో చూశాను.

రెండోది మాటలు. మన ఇళ్ళలో కొందరం ఉర్దూ మాట్లాడతాం, నూర్‌బాషా కుటుంబాలు ఎక్కువగా తెలుగే, చాలా ఇళ్ళలో రెండూ కలిసిపోతాయి. బిడ్డకు రెండేళ్ళు దాటినా మాటల్లేకపోతే "ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, వాడికి గందరగోళంగా ఉంది, వచ్చేస్తాయిలే" అంటారు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. లెక్కపెట్టేటప్పుడు రెండూ కలిపి లెక్కపెట్టాలి. "పానీ" అన్నా ఒక మాటే, "బువ్వ" అన్నా ఒక మాటే. పరీక్ష చేసేవాళ్ళు తెలుగులో అడిగి, ఉర్దూ ఇంటి బిడ్డ పలకలేదని వెనకబడినట్టు రాయకూడదు. అదే సమయంలో రెండు భాషల్లోనూ కలిపి రెండేళ్ళకు రెండు మాటలు జతచేసి అనలేకపోతే, "అమ్మీ రా", "పానీ దే" లాంటివి రాకపోతే, భాషను వంక పెట్టి ఇంట్లో కూర్చోకూడదు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. "వాళ్ళ తాతకూ నాలుగేళ్ళకే వచ్చాయి" అనే మాట ఎంతమంది పిల్లల రెండేళ్ళు మింగిందో! తాయెత్తు కడితే కట్టుకోండి, నేను తగువు పెట్టుకోను. కట్టిన మర్నాడు ఆసుపత్రికి కూడా రండి.

ఇంకా గుర్తుపెట్టుకోదగ్గవి కొన్ని: మూడు నెలలకూ పలకరిస్తే నవ్వకపోవడం, అయిదు నెలలకూ మెడ నిలపకపోవడం, పది నెలలకూ ఆసరా లేకుండా కూర్చోకపోవడం, పద్దెనిమిది నెలలకూ నడవకపోవడం. వచ్చిన పని, వచ్చిన మాట మళ్ళీ పోతే ఏ వయసులోనైనా వెంటనే చూపించాలి.

పరీక్షలో వెనకబాటు తేలితే ఏం చేస్తారు, మందు ఇస్తారా అని ఒక తల్లి అడిగింది. ఎక్కువగా ఇచ్చేది ఆట. ఫిజియోథెరపీ వాళ్ళు, మాటల శిక్షణ వాళ్ళు బిడ్డకు నేర్పే దానికంటే తల్లికి నేర్పేది ఎక్కువ. రొట్టెలు చేసేటప్పుడు పిండి ముద్ద చేతికిచ్చి నొక్కమనడం, స్టీలు గ్లాసుల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టించడం, బంతి దొర్లించడం, అన్నం పెడుతూ పేర్లు చెప్పడం. ఖర్చు లేనివే. కానీ ఏ బిడ్డకు ఏది, ఎంతసేపు, ఎట్లా అనేది చూసి చెప్పేవాళ్ళు ఉండాలి, నెలకో రెండు నెలలకో మళ్ళీ చూపించాలి. మెదడు త్వరగా ఎదిగేది మొదటి మూడేళ్ళలో. అందుకే తొందర.

బడి వయసు దాటిపోయినా చేతులెత్తేయక్కర్లేదు. నేను చెప్పిన మూడో తరగతి బాబును మండలంలోని భవిత కేంద్రానికి పంపించాం. అక్కడి టీచరు వేళ్ళకు పని చెప్పే ఆటలు ఆడించింది. నేను ముందు బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు మీది పాఠంలో సగమే రాయమన్నాను, మిగతాది నోటితో అప్పజెప్పించుకున్నాను. లెక్కలకు గళ్ళ పుస్తకం ఇచ్చాం, ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఒకేసారి ఒకే పని చెప్పాం. ఏడాది తిరిగేసరికి క్లాసులో మొదటి ర్యాంకు వచ్చిందని చెప్పను, రాలేదు. కానీ మొద్దు అనే మాట ఆగింది. వాళ్ళ నాన్న బద్ధకం అనడం మానేశాడు. వాడు బడి మానలేదు. ఆ సాయం మూడేళ్ళ వయసులోనే దొరికి ఉంటే మూడో తరగతిలో అంత కుస్తీ పట్టాల్సిన పని ఉండేది కాదేమో.

ఇప్పుడు డబ్బు సంగతికి వస్తాను. దాతలు ఎదురుగా ఉన్నప్పుడు దీన్ని దాటేస్తే మీరే నవ్వుతారు.

ఆపరేషన్‌కు లక్షలు. అందులో చాలావరకు ఇప్పుడు ప్రభుత్వ పథకమో, ట్రస్టులో చూసుకుంటున్నాయి. మన సొసైటీ ఇచ్చేది దారి ఖర్చులకు, మందులకు, పథకంలో రాని పరీక్షలకు. ఆపరేషన్ తరవాత చెకప్‌కి కుటుంబాలు వెళ్తున్నాయి, ఎందుకంటే గుండె అంటే భయం. ఎదుగుదల పరీక్షకు మాత్రం వెళ్ళరు. డబ్బు లేక కాదా అంటే అదీ ఉంది గానీ, అసలు చిక్కు వేరే. 2025 ఆగస్టు పదిహేను నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, సంతోషం. కానీ మాచర్ల అవతలి పల్లె నుంచి గుంటూరు వెళ్ళాలంటే తెల్లవారుజామున లేవాలి, ఆ రోజు మిరపకోత కూలి పోతుంది, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసేవాళ్ళుండాలి, ఆసుపత్రిలో ఏ గదికి వెళ్ళాలో అడిగే ధైర్యం ఉండాలి. బిడ్డ నవ్వుతూ ఆడుకుంటుంటే "ఏమీ లేనిదానికి ఇంత అవస్థ ఎందుకు" అని అత్తగారు అంటుంది. అక్కడ ఆగిపోతుంది.

కాబట్టి నేను అడిగేది కొత్త భవనం కాదు, యంత్రం కాదు. మనం సాయం చేసిన ప్రతి గుండె బిడ్డకు ఒక పేజీ. పుట్టిన తేదీ, లోపం పేరు, ఆపరేషన్ తేదీ, ఎన్నాళ్ళు ఆసుపత్రిలో ఉన్నది రాసి, కింద పరీక్ష తేదీలు ముందే వేసి పెట్టాలి: తొమ్మిది నెలలు, పద్దెనిమిది నెలలు, రెండున్నరేళ్ళు, బళ్ళో వేసే ముందు ఒకసారి, ఆరో తరగతికి ముందు ఒకసారి. మొదటి మూడూ జల్లెడ పరీక్షలు, పిల్లలందరికీ మంచివని పిల్లల వైద్యులు చెప్పే వయసులు. జాగ్రత్తగా చూడాల్సిన పిల్లలకైతే వీటికి తోడు నేను ముందు చెప్పిన మూడు పూర్తి పరీక్షలూ జరిగేలా డాక్టర్ని అడగాలి. ఆ తేదీకి వారం ముందు ఫోన్ చేయడానికి ఒక మనిషి. తోడు వెళ్ళడానికి ఇద్దరు చెల్లెళ్ళు. నరసరావుపేటలో డిగ్రీ చదివిన ఆడపిల్లలు ఖాళీగా ఉన్నారు, అడిగితే వస్తారు. తల్లికి ఆ రోజు పోయిన కూలి, భోజనం. రంజాన్‌లో జకాత్ తీసేటప్పుడు పేదరాలైన ఆ తల్లి కూలిని కూడా గుర్తుపెట్టుకోవచ్చా లేదా అనేది మన ఉలమాలను అడిగి తేల్చుకోండి, అది నా పరిధి కాదు. సదఖాతో మాత్రం ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ఇంకో మాట దాతలతో. ఆపరేషన్ చెక్కు ఇచ్చేటప్పుడు ఫొటో బాగా వస్తుంది. గుంటూరు బస్టాండులో బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లికి కూలి డబ్బులిస్తే ఫొటో రాదు. ఈ ఖర్చు నివేదికలో చిన్న అక్షరాల్లో పడుతుంది. దానికి ఒప్పుకునేవాళ్ళే ఈ పనికి ముందుకు రావాలి.

ఇమామ్ సాబులు జుమా రోజు రెండు నిమిషాలు ఈ కార్డు సంగతి చెబితే నేను వంద ఇళ్ళు తిరిగినదానికి సమానం. తోటి టీచర్లకు ఒక మనవి: అడ్మిషన్ రాసేటప్పుడు "చిన్నప్పుడు ఏదన్నా పెద్ద ఆపరేషన్ అయిందా?" అని అడగండి. తల్లిదండ్రులు దాచిపెడతారు, ముఖ్యంగా ఆడపిల్ల అయితే, రేపు పెళ్ళికి అడ్డం వస్తుందని. గుట్టుగా అడిగి, గుట్టుగా ఉంచండి. ఆ బిడ్డను డాక్టరు వద్దని చెప్తే తప్ప ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చోబెట్టకండి.

పేజీల పుస్తకం కుట్టించి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. గుండె చికిత్స అయిన పిల్లలు మీ ఇంట్లో, మీ వీధిలో ఉంటే, సొసైటీ సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, పేరు రాయించండి. వచ్చే ఆదివారం జొహర్ నమాజు తరవాత నేను, ఇద్దరు చెల్లెళ్ళు మదర్సా పక్క గదిలో కూర్చుంటాం. తల్లీబిడ్డల కార్డు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం తెచ్చుకోండి, జిరాక్స్ అయినా చాలు. బిడ్డను కూడా తీసుకురండి. చాప పరిచి ఉంచుతాం.